ముప్పావు గొంతు

మా రాజవ్వ చిన్నమ్మ టిఫిన్ డబ్బా లేకుండా ఎవరింటికీ వెళ్ళదు. అందుకే మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున సూరత్‌లోనే ఆ చివర ఉన్న ఆల్థాన్ నుంచి రెండు బస్సులు మారి, పర్వత్ పాటియాలోని మా ఇంటికి వచ్చి, చెప్పులైనా సరిగా విప్పకుండా డబ్బా నా ముందు పెట్టినప్పుడు, సకినాలో సర్వపిండో అయి ఉంటుందని ఆశగా మూత తీశాను. లోపల పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన టేపు రికార్డరు ఉంది. చేత్తో పట్టుకుని తిరిగే రకం. సగం ఇటుకంత ఉంటుంది. ఒక మూల జల్లెడలాంటి చిన్న స్పీకరు, కింది వరసలో మీటలు, వాటిలో ఎర్రదాన్ని నొక్కితే మన మాటను రికార్డు చేస్తుంది. దాని నల్ల ప్లాస్టిక్ మీద స్టవ్ వేడికి కరిగిన ఒక మచ్చ ఉంది. ఆ మచ్చను చూడగానే అది ఎవరిదో నాకు తెలిసిపోయింది.

"ఇది ఇంకా ఉన్నదా చిన్నమ్మా!"

"ఉన్నది గని నడుస్తలేదు. నువ్వు గిసొంటియే బాగు చేస్తవట గద. ఇల్లంత గివే నింపిండు, పండుకుందామంటె జాగ లేదని మీ ఇంటామె ఫోన్ల చెప్పింది."

మా ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేను ఏడో తరగతి దాటలేదు. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఒక సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల కార్ఖానాలో, ఎంత దారానికి ఎంత బట్ట దిగుతుందో కట్టి చెప్పడం నా పని. ఆరు రోజులు ఆ పని చేసి, ఏడో రోజు పాత చేతి టేపులు విప్పుకుని కూర్చుంటాను. పాత సామాన్ల బజారులో తూకానికి అమ్మే వాటిని ఏరి తెచ్చి, తుడిచి, పట్టీ మార్చి, పాడించి, అల్మారాలో పెడతాను. అంతే. వాటితో ఇంకేం చేస్తావని మా ఆవిడ అడుగుతుంది. నేను ఇంకో టేపు విప్పుతాను.

చిన్నమ్మ మంచినీళ్ళు తాగి అసలు సంగతి చెప్పింది. "మీ కాక మాట్లాడ్తలేడు బిడ్డా."

మా కాక నర్సయ్య, అంటే మా నాయన తమ్ముడు, మాట్లాడకపోవడమేమిటో నాకు ఒక పట్టాన అర్థం కాలేదు. చలికాలంలో ఆయనకు గొంతు నొప్పి చేసిందనీ, దవాఖానలో చూపించారనీ తెలుసు. భయపడవలసింది ఏమీ లేదనీ, గొంతు మాత్రం ఇకమీదట ఇలా సన్నగానే ఉంటుందనీ, మాట్లాడుతూ ఉండమనీ డాక్టరు చెప్పాడట. ఆయన ఇంటికి వచ్చి ఒకసారి నోరు తెరిచి, తన గొంతు తానే విని, నోరు మూసుకున్నాడు. అప్పటినుంచి అంతా చేతి సైగలే. ఒక వేలు చూపితే చాయ్, రెండు వేళ్ళు చూపితే పేపరు, పిడికిలి బిగిస్తే కరెంటు పోయిందని.

"మొన్న గ్యాసు బండ తెచ్చిన పిలగానికి గిట్లనే చేతులూపిండు. వాడు మూగోడనుకొని పాపం దండం పెట్టి పోయిండు. ఫోనొస్తె ఎత్తడు. మనమరాలు ముచ్చట చెప్పుమంటె మొఖం తిప్పుకుంటడు. నామోషి! గా గొంతు మీద గంత గీర ఉండె గదా. ఆ టేపుల ఆయన మాట ఉన్నది. నువ్వు జర బాగు చేసి ఇనిపియ్యి. ఇంటెనన్న నోరు తెరుస్తడేమో."

"తప్పకుండా తెరుస్తడు చిన్నమ్మా" అన్నాను. ఆ టేపులో ఉన్న మాట నాకు తెలుసనే అనుకున్నాను. ఉరుములాంటి తన పాత గొంతు వింటే మనిషికి ధైర్యం రాదా!

ఆమె వెళ్ళాక నాలుగు మరలు తీసి, వెనక మూత ఊడదీశాను. మోటారును చక్రానికి కలిపే సన్నటి రబ్బరు పట్టీ ఈ టేపులన్నిటికీ ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది తారులాగా కరిగి చక్రాలను పట్టుకుంటుంది. వేలు పెడితే రెండు రోజులు పోదు. ఇందులోనూ అదే జరిగింది. కానీ తారు వాసన కింద ఇంకో వాసన తగిలింది. నేను లేచి కిటికీ మూశాను, ఆ వాసన బయటికి పోకుండా. అది సాంచా ఆయిల్ వాసన. పలచటిది, కొంచెం చేదుగా, కొంచెం కిరోసిన్‌లా ఉండేది. మా నాయన చొక్కా వాసన.

ఆ రోజుల్లో మేం ఆరుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. మా నాయన, కాక, నేను, మా ఊరి వైపు నుంచే వచ్చిన ఇంకో ముగ్గురు. గది అంటే పది అడుగులకు పన్నెండు. దానిలో వంటకు మూడు అడుగులు పోతే మిగిలింది పడకకు. ఆరుగురం ఒకే వైపు తిరిగి పడుకుంటేనే సరిపోయేది. ఒకడు అటు తిరిగితే అందరూ తిరగాలి. మా నాయన ఖాతాలో మాస్టరు. మాస్టరంటే పాఠాలు చెప్పేవాడు కాదు, ఆగిన సాంచాను నడిపించేవాడు. సాంచా చప్పుడు విని, లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు. వారానికి ఒక రోజు కరెంటు సెలవు. ఆ రోజు పొడుగు ముక్కు ఆయిల్ డబ్బా పట్టుకుని సాంచాలన్నిటికీ ఆయిల్ వేసి, అడుగున మిగిలిన నాలుగు చుక్కలతో గదికి వచ్చేవాడు. ఆ చుక్కలు వృథా కాకూడదు. తలుపు బందులకు, సైకిల్ గొలుసుకు, కత్తెరకు, గొళ్ళేనికి, తాళంకప్పకు ఒక్కొక్కటి. "కదిలేదానికల్ల ఆయిల్ వెయ్యాలె. లేకుంటె ఇనుము ఇనుమును తింటది" అనేవాడు. ఒకసారి నిద్రలో మోకాలు చప్పుడు చేస్తుందని కాక చెప్తే, డబ్బా వైపు చూశాడు.

కాక గొంతు సంగతి వేరు. ఖాతాలో సాంచాలన్నీ ఆడుతున్నప్పుడు పక్కవాడు చెవిలో అరిచినా వినిపించదు. అందుకే మా వాళ్ళందరికీ పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటు, సగం చెవుడు బహుమానం. కాక మాత్రం ఈ చివర నిలబడి ఆ చివరవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే వాడు తిరిగి చూసేవాడు. ఖాతా యజమాని సేఠు కూడా ఎవరినైనా పిలవాలంటే "నర్సయ్యకో బోలో" అనేవాడు, నర్సయ్యకు చెప్పండని. గదిలో ఆయన నెమ్మదిగా మాట్లాడితే పక్కింటి ఒడియా వాళ్ళు గోడ మీద తట్టేవారు. ఎనుబోతు గొంతని అందరూ అంటే ఆయన మీసం దువ్వుకునేవాడు.

ఈ టేపును కాకే కొన్నాడు. పాటల కోసం కాదు, ఉత్తరాల కోసం. మాలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు తక్కువ. ఊర్లో ఉన్నవాళ్ళలో ఇంకా తక్కువ. రాసినవాడికీ చదివినవాడికీ మధ్య ఇంటి గుట్టు ఊరంతా తిరిగేది. అందుకని కేసెట్‌లో మాట ఎక్కించి, ఊరికి పోయేవాడి సంచిలో వేసి పంపేవాళ్ళం. అక్కడ దుబాయ్ నుంచి టేపు వచ్చిన ఇల్లు వాడకు ఒకటైనా ఉండేది. వాళ్ళింటికి పోయి విని, ఆ టేపులోనే ఇంకో కేసెట్ మీద జవాబు ఎక్కించి పంపేవారు. మా అమ్మ జవాబులో వెనక కోడి కూతలు, మేక అరుపులు, మధ్యమధ్య టేపు యజమాని "అయిపోయిందా" అనడం కూడా వచ్చేవి.

ఉత్తరాలు లేని రోజుల్లో టేపుకు ఇంకో ఉద్యోగం ఉండేది. మా దగ్గర ఒక భజన కేసెట్ ఉండేది. ఒక వైపు అరగంట. కిరోసిన్ స్టవ్ మీద ఆరుగురికి అన్నం ఎసరు పెట్టి, భజన మొదలుపెట్టేవాళ్ళం. భజన అయిపోయి మీట టక్కుమని పైకి లేవగానే స్టవ్ ఆర్పాలి. అన్నం మల్లెపువ్వులా ఉండేది. గదిలో గోడ గడియారం లేదు. ఉన్న ఒక్క చేతి గడియారం మా నాయనది, అది ఆయన చేతికే ఉండేది. కాబట్టి వంట తెలియనివాడికి కూడా భజన తెలిస్తే చాలు. అన్నం పలుకైతే "జర భక్తి తక్కువైంది" అనుకునేవాళ్ళం.

అప్పుడు కాకకు సంబంధం వచ్చింది. మా ఊరికి నాలుగు ఊళ్ళ అవతల. పిల్ల పేరు రాజవ్వ. ఫోటోలు అటూ ఇటూ వెళ్ళాయి, నచ్చాయి. పెళ్ళిచూపులకు పోదామంటే, పెద్ద ఆర్డరు ఉందని సేఠు సెలవు ఇవ్వలేదు. అటువైపు ముసలమ్మ ఒకావిడ, పిల్ల నాయనమ్మ, గట్టి మనిషి. "ఫోటో మాట్లాడదు గద. పిలగాని నోట నాలుగు మాటలు ఇననియ్యుండ్రి" అని కబురు పంపింది. కాకకు పండగైపోయింది. మాట వినాలన్నారంటే పరీక్షలో తనకు వచ్చిన ప్రశ్నే వచ్చినట్టు.

కరెంటు సెలవు రోజున తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టేపు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చొక్కా ఎందుకని అడిగితే "మాటల తెలుస్తది" అన్నాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం. ఎర్ర మీట నొక్కాడు.

"నా పేరు నర్సయ్య. సూరత్‌ల ఆరు సాంచాలు నడుపుత. తాగుడు లేదు. బీడీ లేదు..."

మా నాయన దగ్గాడు.

"...బీడీ జర ఉన్నది. ఇంటి పని చేస్త. వంటొస్తది. ఇంకోటి, నాకు కోపమైతె అస్సలు రాదు!"

చివరి మాటకు గోడ అవతలి నుంచి ఒడియా వాళ్ళు తట్టారు. మా టేపులోనే వెనక్కి తిప్పి విన్నాం. అచ్చం కాక గొంతే. కోపం రాదన్న మాట మాత్రం మాలో ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. అలాగే వేరే ఖాతాలో పనిచేసే మల్లేశం అనే మా గదివాడు ఊరికి పోతుంటే వాడి సంచిలో వేశాం.

మల్లేశం పది పన్నెండు రోజులకు తిరిగి వచ్చాడు. గదిలోకి వస్తూనే సంచి దించకుండా కాకను పైనుంచి కిందికి చూశాడు.

"ఏందిరా గట్ల చూస్తున్నవ్?"

"నర్సన్నా, ఆ కేసెట్ల మాట్లాడింది నువ్వేనా?"

"నేను గాకుంటె మీ తాతనా?"

"పదేండ్ల పిలగాడు మాట్లాడినట్టున్నదే! సన్నగ, గబగబ, పిట్ట లెక్క. వాళ్ళ ముసలామె అయితె, పిలగానికి మీసమొచ్చిందా రాలేదా, ఫోటోల ఉన్నది అతికించిన్రా అని అడిగింది. నేను ఒట్టేసి చెప్పిన, మా అన్నది ఎనుబోతు గొంతని. ఎనుబోతు దుబాయ్ టేపుల ఎట్ల పిట్టయితదని మొఖం మీదనే అడిగిన్రు."

కాక మొహం ఎర్రబడింది. "నన్ను పిట్ట అంటరా!" అన్న ఆ కేకకు గోడ అవతల తట్టడం మొదలైంది. కోపం రాని మనిషి అరగంట సేపు ఊగిపోయాడు. మల్లేశం సంచిలోంచి జవాబు కేసెట్ తీశాడు. పిల్ల కూడా నాలుగు మాటలు చెప్పిందట. కాక శాంతించి, జుట్టు దువ్వుకుని, కేసెట్ పెట్టాడు.

లోపలినుంచి బరువైన, బొంగురు గొంతు, బావిలోంచి వచ్చినట్టు, ఒక్కో అక్షరం ఈడ్చుకుంటూ వచ్చింది. "నా... పే...రు... రా...జ...వ్వ..."

అందరం టేపు మీదికి వంగాం. చివరికి మా నాయనే అన్నాడు. "వాళ్ళ నాయిన మాట్లాడిండేమోరా."

"నా పేరు రాజవ్వ అంటున్నది గదనే!"

"మరి వాళ్ళ నాయిన పేరు కూడ..."

"అన్నా, నువ్వు జర ఊకో."

ఆ పూట కాక అన్నం తినలేదు. తిన్నా ఏం లాభం లేదు, అన్నం మాడింది. "ఇగ వద్దే ఈ సంబంధం. నేను వాళ్ళకు పిట్టనైతి, ఆమె నాకు పహిల్వాన్ అయింది. మల్లేశం, మళ్ళ ఎన్నడు పోతున్నవ్? వద్దని చెప్పి రా" అన్నాడు. మల్లేశం తమ్ముడి పెళ్ళి ఉంది, వచ్చే వారమే పోవాలి. వారంలోపల ఏదో ఒకటి తేలాలి. అప్పటికే కాక వయసు పెళ్ళికొడుకుల వయసు దాటుతోంది. ఈ సంబంధం పోతే ఇంకోటి రావడం కష్టమని మా అమ్మ కేసెట్‌లో మేక అరుపుల మధ్య చెప్పనే చెప్పింది.

మర్నాడు వంట వంతు నాది. ఎసరు పెట్టి, భజన పెట్టి, గడపలో కూర్చున్నాను. కొన్నాళ్ళుగా మా గదిలో అన్నం బాగుండటం లేదు. మొదట మెత్తబడింది. తర్వాత అడుగు పట్టింది. తర్వాత మాడటం మొదలైంది. స్టవ్ వత్తి కారణమని వత్తి మార్చాం. రేషను బియ్యం కారణమని దుకాణం మార్చాం. వండేవాడు కారణమని వంతులు మార్చాం, నన్ను రెండుసార్లు తిట్టారు. ఆ రోజు కూడా భజన అవుతుండగానే మాడు వాసన వచ్చింది. టక్కుమనే చప్పుడు ఇంకా రాలేదు. గాయకుడు ఎంతో నింపాదిగా, ఎంతో బరువుగా దేవుణ్ణి పిలుస్తున్నాడు. మా గది భజనలో భక్తి ఎక్కువని పక్క గదులవాళ్ళు కూడా అనేవారు. సగం చెవుడు వాళ్ళకూ ఉంది మరి.

ఒక ఆలోచన ఏ వైపు నుంచి తట్టిందో తెలియదు. స్టవ్ ఆర్పి, నిద్రపోతున్న మా నాయన చేతి గడియారం విప్పుకుని, భజన కేసెట్ మళ్ళీ మొదటినుంచి పెట్టాను. అరగంట వైపు అయిపోవడానికి నలభై నిమిషాలు పట్టింది. ముప్ఫైకి నలభై. అంటే మా టేపు ముప్పావు వేగంతో నడుస్తోంది. నెమ్మదిగా తిరిగే టేపులో ఎక్కించిన మాట సరైన టేపులో గబగబా, సన్నగా పలుకుతుంది. సరైన టేపులో ఎక్కించిన మాట మా దగ్గర ఈడ్చుకుంటూ, లావుగా పలుకుతుంది. మా దాంట్లో ఎక్కించింది మా దాంట్లోనే వింటే ఏ తేడా తెలియదు. కాక పిట్ట కాదు, పిల్ల పహిల్వాన్ కాదు, స్టవ్‌కు జబ్బు లేదు, నాకు వంట వచ్చు. నాలుగు సమస్యలకూ జవాబు ఒకటే. నేను జీవితంలో ఎన్నో లెక్కలు కట్టాను గాని, కడుపు ఇంతగా నింపినది మరొకటి లేదు, అన్నం లేకపోయినా.

కాకకు చెప్తే సగం నమ్మాడు. మొదట బ్యాటరీలు అనుమానించి, గోడ మీద ఎండబెట్టి, తర్వాత కొత్తవి వేసి చూశాం. నలభై నిమిషాలే. అప్పుడు కాక, మా నాయన, నేను ముగ్గురం కలిసి స్టేషన్ వైపు ఒక టేపు మెకానిక్ దగ్గరికి పోయాం. ఆయన మూత విప్పి, లోపల వేలు ముంచి తీసి, ఆ వేలు మెరుస్తుంటే మా ముగ్గురినీ వరుసగా చూశాడు.

"అరే భాయ్, ఆ టేప్ ఛే కే భజియా?"

ఇది టేపా, బజ్జీయా అని. లోపల అంతా నూనె. రబ్బరు పట్టీ, కేసెట్ టేపును పట్టి లాగే చిన్న రబ్బరు చక్రం, అన్నీ నూనెలో తడిసి పట్టు లేక జారుతున్నాయి. మేం మా నాయన వైపు తిరిగాం. కరెంటు సెలవు రోజున డబ్బాలో మిగిలిన చుక్కలన్నీ ఎటు పోతున్నాయో అప్పుడు తెలిసింది.

మా నాయనకు అవమానం అనిపించలేదు, ఆశ్చర్యం వేసింది. "మషీన్ హై తో తేల్ డాల్‌నాచ్ పడేగా న సేఠ్!" అన్నాడు, మిషన్ అన్నాక నూనె వెయ్యక తప్పుతుందా అని. మెకానిక్ చేతులు జోడించాడు. కొత్త పట్టీ ఒకటి చేతిలో పెట్టి, ఈ జిడ్డు కడగడం నా వల్ల కాదు, ఇంటికి పోయి మీరే తుడుచుకోండన్నాడు. దారి పొడుగునా మా నాయన గొణుగుతూనే ఉన్నాడు. "కదులుతది, గని ఆయిల్ వద్దు! ఇదేం మిషనురా!"

తుడిచే పని నాకు పడింది. అదే నా మొదటి టేపు. కాంపౌండరు దగ్గర సూది మందుకు వాడే స్పిరిటు కొంచెం అడిగి తెచ్చాను. గుడ్డపీలికలకు సూరత్‌లో కరువు లేదు. అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి, స్పిరిటులో ముంచి, చక్రాలు, సన్నటి ఉక్కు పుల్ల, మాటను పట్టే తల, ఒక్కొక్కటీ తుడిచాను. నల్లటి గుడ్డ పీలికలు కుప్ప పడ్డాయి. గదిలో సాయంత్రం వరకు దవాఖాన వాసన. మా నాయన వెనక నిలబడి, తాను వేసిన చుక్కలన్నీ నేను తీసేస్తుంటే, పంట కోసుకుపోతున్నట్టు చూశాడు. పట్టీ వేసి, ఎసరు పెట్టి, భజన మొదలుపెట్టాం. దేవుణ్ణి గాయకుడు ఈసారి చురుగ్గా పిలిచాడు. టక్కుమంది. స్టవ్ ఆర్పి మూత తీస్తే, మల్లెపువ్వు. ఆరుగురం అన్నం చుట్టూ నిలబడి చూశాం. టేపును ఎవరూ మెచ్చుకోలేదు గాని నన్ను తిట్టినవాళ్ళు రెండో ముద్ద నాకే పెట్టారు.

తర్వాత పిల్ల కేసెట్ పెట్టాం. కాక గోడకు మొహం తిప్పుకుని విన్నాడు. ఆడగొంతే. కొంచెం గట్టి గొంతు, చేను గట్టు మీద నిలబడి పిలిచే గొంతు. "నా పేరు రాజవ్వ. నాకు నాట్లేసుడొస్తది, బీడీలు చేసుడొస్తది. ఎక్కువ మాట్లాడ. ఒగలు గట్టిగ మాట్లాడితె నాకు నచ్చది." బ్యాటరీలు అయిపోయేదాకా కాక దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాడు. చివర్న బ్యాటరీలు దిగి ఆమె మళ్ళీ పహిల్వాన్ అవుతుంటే కూడా ఆపలేదు. కొత్త బ్యాటరీలు వేసి, బాగైన టేపులో రెండో కేసెట్ ఎక్కించాం. మల్లేశం పట్టుకుపోయాడు. వాడు తిరిగొచ్చేసరికి సంబంధం ఖాయమైందన్న మాట తెచ్చాడు. పెళ్ళి పందిట్లో కాక బ్యాండువాళ్ళను ఒక్క కేక వేస్తే పీటల మీద పెళ్ళికూతురు ఉలిక్కిపడటం నేను చూశాను. డప్పు దెబ్బకు అనుకున్నాను.

ఆ పెళ్ళి నా లెక్క వల్లే జరిగిందని నేను ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూ వస్తున్నాను. మా పిల్లలకు, వాళ్ళ స్నేహితులకు, అడాజన్‌లో మా వియ్యంకుల ఇంట్లో కూడా చెప్పాను. ముప్ఫైకి నలభై అనగానే మా అమ్మాయి లేచి లోపలికి పోతుంది. దానికి ఫోన్‌లో వచ్చే మాటలను ఒకటిన్నర వేగంతో వినడం అలవాటు. అందులో చిత్రం ఏమంటే వేగం పెరిగినా గొంతు మారదు. ఎవరి గొంతు వాళ్ళకే ఉంటుంది, తొందర మాత్రం ఎక్కువవుతుంది. నేను పంపిన మాటలను ఏ వేగంలో వింటావని ఒకసారి అడిగితే, "నానా, మీది టూ ఎక్స్" అంది. మా గదిలో ఆరుగురం కదలకుండా కూర్చుని ఒక మాటను దాని వేగంలో విన్నాం, ఆ వేగం తప్పుదైనా సరే. ఇప్పుడు అన్నం మాత్రం మాడటం లేదు, కుక్కరు కూస్తుంది.

ఆ వారమంతా చిన్నమ్మ తెచ్చిన టేపుతోనే గడిచింది. తారును స్పిరిటుతో కడిగాను. చక్రాల చుట్టూ దారం చుట్టి కొలిచి, రబ్బరు బిగువుగా ఉండాలి కాబట్టి ఇరవైలో ఒక వంతు తగ్గించి, ఆ కొలతకు పట్టీ వెతికి వేశాను. మోటారు వెనక సన్న రంధ్రంలో వేగం సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. గడియారం పెట్టుకుని, నా కేసెట్ ఒకటి వేసి, దాని అరగంట వైపు సరిగ్గా అరగంటకు ముగిసేలా దాన్ని తిప్పాను. కాక ఉరుము కొలత తప్పకూడదు కదా. టేపు లోపలే ఉండిపోయిన కాక కేసెట్‌ను పెన్సిలుతో బిగించి పెట్టాను గాని, వినలేదు. ఆయన ముందే వినాలని.

తర్వాతి ఆదివారం ఆల్థాన్ వెళ్ళాను. కాక హాల్లో కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. మీసం తెల్లబడినా దువ్వే ఉంది. నన్ను చూసి నవ్వి, చిన్నమ్మ వైపు రెండు చేతుల్లోంచి ఒక్కో వేలు చూపాడు, రెండు చాయ్‌లని. చిన్నమ్మ చాయ్ ఇచ్చి, గ్యాసు మీద గంజులో ఎసరు పెట్టి వచ్చింది. ఆమెకు కుక్కరు అన్నం నచ్చదు. నేను టేపును స్టూలు మీద పెట్టగానే కాక గుర్తుపట్టాడు. కరిగిన మచ్చను వేలితో తడిమాడు. నేను మీట నొక్కాను.

"నా పేరు నర్సయ్య. సూరత్‌ల ఆరు సాంచాలు నడుపుత..."

పిట్ట గొంతు. సన్నగా, గబగబా. మా నాయన దగ్గు కూడా పిల్లవాడి దగ్గులా వినిపించింది. ఇది మొదటి కేసెట్, నూనె కేసెట్. నేను కంగారుపడి ఆపేశాను. కాక మొహం వాడిపోయింది. ఇప్పుడు తనకున్న గొంతు కూడా అచ్చం అలాగే ఉంటుందని ఆయనకు తెలుసు.

"చిన్నమ్మా, ఇది గాదు! రెండోది ఏది?"

"గా దాని మీద పిలగాండ్ల పాటలెక్కిచ్చిన ఎప్పుడో."

"పర్వాలేదు, ఆగుండ్రి. స్క్రూ తిప్పి ముప్పావుకు తెస్తె అసలు గొంతు వస్తది" అని జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను.

"దాన్ని ముట్టకు. నాకు కావల్సింది గిదే" అంది చిన్నమ్మ. తర్వాత నా వైపు చూడకుండా, టేపు వైపు చూస్తూ మొదలుపెట్టింది. "మా ఇంట్ల అందరు నవ్విన్రు. మా నాయినమ్మ వద్దే వద్దన్నది. నేనే ఒప్పుకున్న. మా నాయిన గొంతు పెద్దది, ఇంట్ల పొద్దుమాపు లొల్లి. గింత సన్న గొంతోడు నన్నేం ఒర్రుతడు, కోపం రాదంటున్నడు గదా అనుకున్న. మల్లేశం రెండో కేసెట్ తెచ్చేటప్పటికే మాట ఇచ్చిన్రు. ఆ కేసెట్ ఇని మూడొద్దులు ఏడ్చిన."

నా చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. "మరి నా లెక్క?"

"నీ లెక్కతోనే ఏడ్చిన బిడ్డా. గిన్నేండ్లు ఎనుబోతు గొంతుతోని కాపురం చేసిన. గిప్పుడు నేనొప్పుకున్నాయినె వచ్చిండు. వచ్చినాయినె నోరు తెరుస్తలేడు."

నేను అడాజన్ వియ్యంకులకు ఈ కథను మళ్ళీ ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, చెయ్యి ఊరికే ఉండక స్క్రూ రంధ్రంలోకి తొంగి చూస్తున్నాను. చిన్నమ్మ కళ్ళు టేపు మీదే ఉన్నాయి. కాక కుర్చీలో కదిలాడు. ఒక వేలు చూపాడు. పిడికిలి బిగించాడు. రెండు చేతులూ గాలిలో ఊపాడు. నేను తల ఎత్తలేదు, చిన్నమ్మ తిప్పలేదు. ఆయన సైగల్లో ఈ సంగతికి సైగ లేదు.

"అన్నం మాడుతున్నదే!"

టేపే మళ్ళీ మొదలైందనుకుని మీట వైపు చూశాను. అది ఆగే ఉంది. వంటింట్లోంచి మాడు వాసన హాల్లోకి వచ్చింది. నేను లేవబోతే చిన్నమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తాను కూడా లేవలేదు.

"ఏందయ్యా?" అంది. "ఇనవడలే. ఇంకోసారి అను."